వంకర చెయ్యి, రెండు సీజన్లు

రిటైర్మెంటు అనగానే మీకు నెరిసిన జుట్టు, మెడలో పూలదండ, ఆఫీసు మెట్ల మీద తీయించుకున్న గ్రూపు ఫోటో గుర్తుకు వస్తాయి. నేను రిటైరైన నాటికి నాకు ముప్పై నిండలేదు. దండ ఎవరూ వెయ్యలేదు. గ్రూపు ఫోటో ఒకటి ఉంది గానీ అందులో నేను కళ్ళు మూసుకున్నాను. చేసిన ఉద్యోగం బేస్‌బాల్ పిచర్. మా మాచర్లలో ఈ మాట చెబితే సగంమంది బాస్కెట్‌బాల్ అనుకుంటారు. మిగిలినవాళ్ళు "టీచరా?" అని మళ్ళీ అడుగుతారు. ఒకరిద్దరికి అవునని చెప్పి తప్పించుకున్నాను కూడా. ఇప్పుడు అది నిజమే అయింది. నరసరావుపేటలో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నాను.

ఆ పిల్లలు ప్రాక్టీసు అయిపోయాక బూట్ల లేసులు విప్పుకుంటూ అడుగుతుంటారు. "సార్, అంత దూరం పోయి, జీతం తీసుకుని ఆడి, మళ్ళీ ఎందుకొచ్చారు?" ఒక్కముక్కలో చెప్పలేక "చెయ్యి నొప్పి" అని ఊరుకునేవాణ్ణి. అది నిజమే కానీ, ఉన్నదంతా అది కాదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు. పిచర్ అంటే మన బౌలర్‌లాంటివాడు. మైదానం మధ్యలో చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసురుతాడు. బంతి నేలకు తగలకుండా వెళ్ళాలి. బ్యాటు పట్టుకున్నవాడి వెనకాల, ముఖానికి ఇనప ముసుగు పెట్టుకుని గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టుకునేవాడు క్యాచర్. ఏ బంతి వెయ్యాలో వేళ్ళతో సైగ చేసి పిచర్‌కు చెప్పేది అతనే. ఈ ఇద్దరి సంగతి తెలిస్తే చాలు, తక్కిన ఆట తెలియకపోయినా ఇబ్బంది లేదు.

మేం దూదేకులవాళ్ళం. మా నాన్నకు మాచర్లలో పరుపుల కొట్టు ఉంది. చిన్నప్పుడు పత్తి బోరేల మీద ఎగురుతూ లారీ మీంచి కిందపడ్డాను. కుడి మోచెయ్యి విరిగింది. నాటు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ తిన్నగా అతుక్కోలేదు. ఎంత చాచినా నా కుడిచెయ్యి కొంచెం వంకరగానే ఉండేది. అన్నం తినడానికి, రాయడానికి అడ్డం రాలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది అంపైర్లు. టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో నేను వేగంగా బంతి వేస్తుంటే అవతలి జట్టు వాళ్ళు గోల పెట్టేవారు. "వాడు బౌలింగ్ చెయ్యట్లా, రాళ్ళేస్తన్నాడు" అని. అంపైర్ నో బాల్ అనేవాడు. నా చెయ్యి విరిగి అతుక్కోవడమే అంత అని చెప్పుకున్నా వినేవాళ్ళు కాదు. వాళ్ళ తప్పు లేదు. క్రికెట్లో చెయ్యి వంచి విసరకూడదు, నా చెయ్యి వంగకుండా ఉండదు.

మా కాలేజీ పి.ఇ.టి. సారు ఒక టోర్నమెంటులో ఇదంతా చూసి, ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు. ఆయన మాట గట్టిదే గానీ మనిషి మెత్తన.

"ఒరేయ్, నిన్ను ఇంక ఈ ఆటలో బతకనియ్యర్రా. రాళ్ళేసే ఆట ఇంకోటుంది. అక్కడ వంచి ఏసినోడే మొనగాడు. వస్తావా?"

"ఏం ఆట సార్?"

"పేరెందుకు? రేపు పొద్దున రా."

అలా మొదలైంది. నా ఎత్తుకు, భుజం బలానికి వేగం వచ్చింది. వంకర మోచేతికి మాత్రం ఎవరూ ఊహించని పని ఒకటి దొరికింది. నేను విసిరిన బంతి బ్యాటు దాకా మామూలుగానే వెళ్ళి, తీరా దగ్గరకు వచ్చాక చటుక్కున కిందికి దిగేది. నేనేం చేసేవాణ్ణి కాదు, అది దానంతటదే దిగేది. జిల్లా, రాష్ట్రం, యూనివర్సిటీ, నేషనల్స్ దాకా ఆ దిగుడే నన్ను లాక్కుపోయింది. ఒకసారి నేషనల్స్‌కు, ఒక గల్ఫ్ నగరంలో కొత్తగా పెట్టబోయే లీగ్ వాళ్ళు ఆటగాళ్ళను చూడటానికి వచ్చారు. వాళ్ళ కోచ్ కరీబియన్ దీవులనుంచి వచ్చిన ముసలాయన. నేను వేసిన బంతులు చూసి నా దగ్గరికొచ్చి, నా మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మా నాన్న దూది కొనేముందు అలాగే చూస్తాడు. తర్వాత నవ్వి, "దీన్ని ఎవర్నీ బాగుచెయ్యనివ్వకు" అన్నాడు.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ సూది పక్కన పెట్టి అడిగింది.

"ఏందిరా ఆట? బంతి ఇసిరితే జీతమిస్తారా?"

"ఇస్తారమ్మా."

"ఎన్నాళ్ళిస్తారు?"

"చెయ్యి ఉన్నన్నాళ్ళు."

"మరి ఆ చెయ్యి చూస్కున్నారా, వంకరని?"

"చూశారమ్మా. అది చూసే తీసుకున్నారు."

అమ్మకు నమ్మకం కలగలేదు. నాన్న మాత్రం కొట్టు వెనక గోడకు ఒక గట్టి పరుపు వేలాడదీశాడు, నేను బంతులు విసురుకోవడానికి. రోజూ అదే చోట బంతి తగిలి తగిలి ఆ పరుపుకు కింది అంచున గుంట పడింది.

ఆ లీగ్‌లో మా జట్టుకు క్యాచర్ పాకిస్తాన్ వాడు. పంజాబ్ వైపు, లాహోర్‌కు కొంచెం దూరంలో ఒక చిన్న ఊరు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, బలిష్ఠంగా, తక్కువ ఎత్తులో ఉండేవాడు. నేను ముస్లిమునని తెలియగానే సంతోషంగా గబగబా ఉర్దూలో మొదలుపెట్టాడు. నాకు పదింటిలో మూడు మాటలు అర్థమయ్యాయి. నమాజు అరబీలో, మిగతా బతుకంతా తెలుగులో అయిన ఇల్లు మాది. అతను ఆగి, అనుమానంగా చూశాడు.

"నీకు ఉర్దూ రాదా?"

"కొంచెం వచ్చు. మా వైపు మాలో చాలామంది ఇళ్ళల్లో తెలుగే."

"అదేం భాష? నాకు నేర్పు," అన్నాడు.

ఊరికే అన్నాడనుకున్నాను, ఇద్దరం వచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి నెట్టుకొస్తూనే ఉన్నాం కాబట్టి. కానీ వారం తిరక్కుండానే అవసరం పడింది. ఎదుటి జట్లలో హిందీ, ఉర్దూ తెలిసినవాళ్ళు చాలామంది. మట్టిదిబ్బ దగ్గరికి వచ్చి అతను నాతో ఏం మాట్లాడినా బేసుల మీద, అంటే పరుగు మధ్యలో ఆగే మెత్తల మీద, ఉన్న ఎదుటివాళ్ళకు అర్థమైపోయేది. అప్పుడు తెలుగు అక్కరకొచ్చింది. "కింద", "లోపల", "బయట", "మెల్లగా", ఇలా కొన్ని మాటలు నేర్పాను. వేసే బంతి పని చెయ్యకపోతే దాన్ని ఆపి వేరేది వెయ్యమనడానికి "చాలు" అనేవాడు. వాటిని అతను పంజాబీ యాసలో పలుకుతుంటే మొదట్లో నవ్వాపుకోలేక బంతి వెయ్యలేకపోయేవాణ్ణి.

నా మొదటి మ్యాచ్ గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. మొదటి బంతి క్యాచర్ తలమీంచి పోయింది. ఆ తర్వాత ఒక బంతి బ్యాట్స్‌మన్ నడుముకు తగిలింది. ఆ ఆటలో అలా తగిలితే కొట్టుకునేదాకా వెళ్తారని విన్నాను. భయపడి చేతులు జోడించి "సారీ అన్నా" అనేశాను. అతను అమెరికావాడు. అన్నా అంటే ఏమిటో అర్థంకాకపోయినా, నా చేతులు చూసి నవ్వి మొదటి బేసుకు వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి రెండు జట్లవాళ్ళూ నన్ను "అన్నా" అనే పిలిచారు.

మ్యాచ్ సగంలో, జట్టు ఇబ్బందిలో ఉన్నప్పుడు దింపే పిచర్ని నేను. పొద్దుటి నుంచి కూర్చుని, పిలిచినప్పుడు లేచి, కాసేపు విసిరి, వెళ్ళిపోవడం. మంటలు అంటుకున్నాక పిలిచే ఫైరింజను లాంటి ఉద్యోగం. మొదటి సీజన్ చివరికి మంటలార్పడం కొంచెం వచ్చింది. ఫోన్లో మ్యాచ్ చూసి అమ్మ అడిగిన ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ నా గురించి ఉండేవి కావు.

"నీ ఎదురుగా ముసుగేసుకుని గొంతుక్కూచుంటాడే, ఆ పిల్లోడెవురు? అట్టా ఎంతసేపు కూచుంటాడు పాపం. మోకాళ్ళు పోవూ?"

ఈ మాట నేను అతనికి చెప్పాను. ఇన్నేళ్ళలో తన మోకాళ్ళ గురించి అడిగిన మొదటి మనిషి మా అమ్మేనట. ఆ తర్వాత వీడియో కాల్ చేసినప్పుడల్లా పక్కకు వచ్చి నిలబడేవాడు. అమ్మ తెలుగులో, అతను పంజాబీలో. మధ్యలో నేను చెప్పేది తక్కువ, వాళ్ళు అర్థం చేసుకునేది ఎక్కువ. నువ్వులనూనె కాచి మోకాళ్ళకు రాసుకొమ్మని ఆవిడ చేతులతో చేసి చూపిస్తే, ఆ ఊళ్ళో నూనె కోసం బజారంతా తిరిగాం.

రెండో సీజన్లో నా మోచేతిలో ఏదో మొదలైంది. బంతి వదిలేటప్పుడు లోపలివైపు చిన్న చురుకు. ఫిజియోకు చెప్పాను. అతను ఐసు పెట్టి, పట్టీ వేసి, కొన్ని రోజులు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ వెళ్ళమన్నాడు. వెళ్ళాను. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. పిచర్లందరికీ ఏదో ఒకటి నొప్పి పెడుతూనే ఉంటుంది కాబట్టి నాదీ అలాంటిదే అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఓడితే సీజన్ ముగిసిపోయే మ్యాచ్ అది. మేం ఒక్క పరుగు ముందున్నాం. చివరి దశలో ఎదుటి జట్టు వాళ్ళిద్దరు బేసుల మీదకు చేరారు. ఇంకో మంచి దెబ్బ తగిలితే ఇద్దరూ ఇంటికి, అంటే బ్యాటు పట్టే చోటికి, వచ్చి పరుగులు పూర్తి చేసేస్తారు, మేం ఓడిపోతాం. కోచ్ నన్ను పిలిచాడు. అంత జనం ముందు అంత అవసరమైన వేళ దిబ్బ ఎక్కడం నాకదే మొదటిసారి. ఇప్పుడు చెబితే మీరు నమ్మరేమో గానీ, భయం వెయ్యలేదు. మోచెయ్యి కూడా వెచ్చగా, తేలిగ్గా ఉంది. మొదటివాడికి వేసిన బంతులన్నీ చెప్పినట్టు దిగాయి. వాడు కొట్టిన బంతి నేలమీద దొర్లుకుంటూ మావాడి చేతిలోకి వెళ్ళింది, అతను దాన్ని మొదటి బేసుకు విసిరి వాణ్ణి అవుట్ చేశాడు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గట్టెక్కుతాం.

రెండోవాడికి వేసిన మొదటి బంతి దగ్గర మోచేతిలో చురుకు కాదు, వెచ్చటి నీళ్ళు పోసినట్టయింది. బంతి దిగలేదు. తిన్నగా వెళ్ళింది. వాడు దాన్ని చూసి వదిలేశాడు. రెండోదీ అంతే. మూడోదానికి నేను సిద్ధమవుతుంటే క్యాచర్ లేచి, ముసుగు నెత్తిమీదకు తోసుకుని, నింపాదిగా దిబ్బ మీదికి వచ్చాడు. గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని ఒకే మాట అన్నాడు.

"చాలు."

వేరే బంతి వెయ్యమంటున్నాడనుకున్నాను. "సరే, బయటకు వేస్తాను," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "బంతి కాదు. నువ్వు. నీ చెయ్యి పోతోంది."

"ఏం పోలేదు. ఇంకొక్కడే కదా. వెళ్ళి కూర్చో."

"నేను పట్టుకుంటున్నాను ఆ బంతిని. నాకు తెలుస్తోంది."

"చెయ్యి నాది."

అతను నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, జాలి లేదు. తర్వాత వెనక్కి తిరిగి కోచ్‌కు చెయ్యి ఊపాడు. కోచ్ వచ్చాడు. ముసలాయన నన్ను అడగలేదు, అతన్నే అడిగాడు. అతను రెండు ముక్కల్లో చెప్పాడు. కోచ్ చెయ్యి చాపాడు, బంతి ఇవ్వమని. బంతి ఇవ్వడమంటే ఏమిటో మీకు తెలియాలంటే ఆ దిబ్బ మీద నిలబడాలి. నేను కాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చాను.

నా తర్వాత దిగిన పిచర్ కూడా పాకిస్తాన్ వాడే. మంచివాడే, బాగానే వేశాడు. కానీ అవతలివాడు ఇంకా బాగా కొట్టాడు. ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. మా సీజన్ అయిపోయింది.

ఓడినచోట మాటలు పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. బట్టలు మార్చుకునే గదిలోనే ఎవరో అన్నారు, క్యాచర్ తన దేశంవాణ్ణి దింపడం కోసం 'అన్నా'ను తప్పించాడని. నేను ఆ మాట నమ్మాలని చూశాను. నమ్మితే నా కోపానికి కాళ్ళూ చేతులూ వచ్చేవి. మర్నాడు పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర అతను నా బల్ల దగ్గరే వచ్చి కూర్చున్నాడు. ఇంకెక్కడైనా కూర్చుని ఉంటే ఆ నమ్మకం గట్టిపడేదేమో.

"అడుగు," అన్నాడు.

"ఏం అడగను? నాకు ఒక్కడు మిగిలాడు. నన్ను వెయ్యనిస్తే నీ సొమ్మేం పోయేది?"

అతను రొట్టె తుంచి, తినకుండా ప్లేటులో పెట్టాడు. "మా అన్న ఫాస్ట్ బౌలర్. చాలా మంచి బౌలర్. ఒక సెలక్షన్ మ్యాచ్‌లో భుజం పట్టేసింది. ఇంకొక్క ఓవరు, ఇంకొక్క ఓవరు అని వేశాడు. వికెట్ల వెనకాల ఉన్నది నేనే. బంతి నా చేతికి వస్తుంటే నాకు తెలిసిపోయింది. చెప్పలేదు, సెలెక్టవుతాడని. సెలెక్టు కాలేదు. ఇప్పుడు వాడు చొక్కా తొడుక్కోవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను ఇంట్లో ఉంటే నేనే తొడుగుతాను."

ఆ మాటతో నా కోపం పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. "నేను మీ అన్నను కాదు," అని లేచి వచ్చేశాను. స్కానింగులో మోచేతి లోపల లిగమెంటు సగం తెగిందని తేలింది. ఇంకొకడికి బంతులు వేసుంటే పూర్తిగా తెగేదా అని డాక్టర్ని అడిగాను. "తెగొచ్చు, తెగకపోవచ్చు. అది ఎవరూ చెప్పలేరు," అన్నాడు ఆయన. ఆ జవాబు నాకూ పనికిరాలేదు, అతనికీ పనికిరాలేదు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. తెగినదాన్ని సరిచేస్తూనే, చిన్నప్పుడు అడ్డంగా అతుక్కుని లోపల రాసుకుంటున్న ఎముకను కూడా సర్జన్ చెక్కేశాడు. అది ఉంటే ఈ రిపేరు నిలవదన్నాడు. కట్టు విప్పిన కొన్ని వారాలకు మెల్లమెల్లగా చెయ్యి చాపించారు. అది సాగుతూ పోయింది. చిన్నప్పుడు విరిగాక మొదటిసారి నా కుడిచెయ్యి ఎడమచేతిలా తిన్నగా నిలబడింది.

అమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. "ఆ నాటు కట్టు కట్టించిన కాణ్ణుంచి నాకు మనసులో పీకుతానే ఉందిరా. ఇన్నాళ్ళకి తిన్నగొచ్చింది నా బిడ్డ చెయ్యి."

నాన్న చూసి, "ఇంకేంది, క్రికెట్ ఆడుకో," అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ముసలి కోచ్ అన్న మాట అప్పటికే నా చెవుల్లో తిరుగుతోంది.

ఆ ఏడాదంతా వ్యాయామాలు చేశాను. ముందు తువ్వాలు విసరడం, తర్వాత దగ్గర్నుంచి మెల్లగా బంతి, తర్వాత కొంచెం దూరం. చివరికి కొట్టు వెనక పరుపు ముందు నిలబడి పూర్తి బలంతో వేశాను. వేగం వచ్చింది, నొప్పి లేదు. బంతి మాత్రం పాత గుంట దగ్గర పడటం లేదు. దానికి జానెడు పైన తగులుతోంది. రోజులు గడిస్తే దిగుతుందనుకున్నాను. నాన్న ఒకరోజు కొట్టులోంచి వచ్చి చూసి, పరుపును విప్పి జానెడు పైకి ఎత్తి కట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన ఎందుకలా చేశాడో నేనడగలేదు. గుంటలో పడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుందనుకున్నాడేమో.

ఈలోపల క్యాచర్ నుంచి వారానికోసారి కబురు వచ్చేది. ఎలా ఉంది చెయ్యి, అమ్మ ఎలా ఉంది, అని. నేను కొన్నింటికి జవాబివ్వలేదు. అమ్మ ఇచ్చేది. నా ఫోను తీసుకుని తన మాటల్ని రికార్డు చేసి పంపేది. ఏమని పంపావంటే, "నీ గురించి కాదులే, ఆ పిల్లోడి మోకాళ్ళ గురించి," అనేది. అలా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను ఎంతకాలమని మౌనంగా ఉండను? ఒకరోజు నేనే, ట్రయల్‌కు పిలిచారని పంపాను. "నేనే పట్టుకుంటాను," అని వెంటనే జవాబొచ్చింది.

మళ్ళీ ఆ నగరం వెళ్ళాను. గ్రౌండ్‌లో కనిపించగానే కౌగిలించుకుని, "చెయ్యి చూపించు," అన్నాడు. చాపాను. అది తిన్నగా సాగిపోవడం చూశాడు. బాగైందని నవ్వాడు గానీ, ఆ నవ్వు ముఖమంతా ఎక్కలేదు.

పిచర్ల ట్రయల్ అంటే పెద్ద హంగామా ఏం ఉండదు. దిబ్బ, క్యాచర్, వరసగా వచ్చే బ్యాట్స్‌మెన్, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కోచ్. నేను వేసిన బంతులు వేగంగానే వెళ్ళాయి. తిన్నగా వెళ్ళాయి. తిన్నగా వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌కు ఎంత ఇష్టమో ఆ పూట తెలిసింది. ఒకడి తర్వాత ఒకడు కొడుతూనే ఉన్నారు. పాత లెక్కన కిందికి దిగవలసిన చోట బంతి తలెత్తుకుని వెళ్ళి బ్యాటుకు తగులుతోంది. క్యాచర్ కింద, ఇంకా కింద అని గ్లవ్ నేలకు ఆనించి పట్టేవాడు. బంతి అక్కడికి రాలేదు.

కోచ్ ఆపమన్నాడు. నా దగ్గరికి రాలేదు. మునుపటిలాగే క్యాచర్ని అడిగాడు.

"ఏమంటావు?"

అతను ముసుగు తీసి నా వైపు చూశాడు. ఇంకో వారం చూద్దామని అనొచ్చు. ఏడాది తర్వాత వేస్తున్నాడు, టైం ఇద్దామని అనొచ్చు. కోచ్ ఒప్పుకునేవాడే. అతను, "చెయ్యి బాగుంది. ఏ నొప్పీ లేదు. బంతి తిన్నగా వస్తోంది," అన్నాడు.

ముసలాయన తల ఊపాడు. నా దగ్గరికి వచ్చి, మొదటిరోజులాగే మోచెయ్యి పట్టుకుని మడిచాడు, చాపాడు. "ఆరోగ్యమైన చెయ్యి," అన్నాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో అంతకంటే మర్యాదగా వద్దని చెప్పలేడు. జట్టంతా నిలబడి ఫోటో తీసుకున్నాం. కళ్ళు మూసుకున్నానని చెప్పింది అందులోనే.

ఈసారి నాకు కోపం రాలేదు. ఏదీ రాలేదు. గ్రౌండ్ పక్కన మలయాళీ టీ కొట్టుంటే ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం.

"వారం టైం అడిగుంటే వారం ఇక్కడ ఉండేవాడివి," అన్నాడు అతను. "అడగలేదు."

"అడిగుంటే బాగుండేది," అన్నాను.

"నాకూ బాగుండేది."

కాసేపు టీ తాగాం. తర్వాత చెప్పాడు, తనదీ ఈ సీజనే చివరిదని. మోకాళ్ళు ఇక లేవనివ్వడం లేదట. ఊళ్ళో అన్నతో కలిసి స్పోర్ట్స్ సామాన్ల కొట్టు పెడతాడట. "అమ్మకు నువ్వే చెప్పు. నూనె బాగానే పని చేసింది, ఆలస్యంగా మొదలుపెట్టానని చెప్పు," అన్నాడు.

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. ఆట పోతే ఇంకో పని చేసుకుంటాను. ఇదిగో, చేసుకుంటున్నాను. కానీ ఈ మనిషిని నేను చూడగలిగేది ఈ ఊళ్ళోనే, ఈ ఉద్యోగం ఉంటేనే. అతని ఊరికి నేను వెళ్ళలేను. నా ఊరికి అతను రాలేడు. ఇన్నాళ్ళూ అలిగి జవాబివ్వని వారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

నన్ను దింపడానికి ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. ఇంకా టైం ఉంది. లోపలికి వెళ్ళే తలుపుల దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. మన వైపు ఎవర్నైనా సాగనంపుతూ, "ఈసారి మా ఇంటికి రావాలి" అంటాం కదా. అలవాటు కొద్దీ అది నా నోట్లోంచి వచ్చేసింది. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. అతను నవ్వలేదు.

"ఎలా రావాలి?" అని అడిగాడు.

నేను అతని ముఖం చూశాను. నిజంగానే అడుగుతున్నాడు.

"హైదరాబాద్‌లో దిగు," అన్నాను. "సాగర్ మీదుగా మాచర్ల బస్సెక్కు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చో. కృష్ణ దాటాక విజయపురి సౌత్‌లో బస్సు ఆపుతారు, అక్కడ టీ తాగు. గుంటూరు నుంచి రైల్లో వస్తే ఇంకా తేలిక. నిద్రపోయినా ఫర్వాలేదు, మా ఊరే ఆఖరి స్టేషను, పట్టాలు అక్కడితో అయిపోతాయి. బయటికొచ్చి పరుపుల కొట్టు ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. కొట్టు వెనకే ఇల్లు."

"అమ్మ ఏం వండుతుంది?"

"గోంగూర వేసి మాంసం వండుతుంది. కారం ఎక్కువ. ముందే చెప్పు, తగ్గిస్తుంది."

"తగ్గించొద్దను," అన్నాడు.

తర్వాత తన ఇంటికి దారి చెప్పాడు. లాహోర్‌లో ఏ అడ్డా దగ్గర వ్యాను ఎక్కాలో, ముందు సీటు ఎందుకు అడగాలో, కాలవ వంతెన దాటగానే డ్రైవర్‌తో ఆపమని ఎలా చెప్పాలో చెప్పాడు. ఆ మాటను నాచేత రెండుసార్లు పలికించి, యాస సరిచేశాడు. వంతెన దిగాక చెరుకురసం బండి ఉంటుందట. దాని పక్క సందులో ఆకుపచ్చ తలుపు వాళ్ళదట. నేను శ్రద్ధగా విన్నాను. వచ్చే వారమే బయలుదేరుతున్నట్టు ఎటు తిరగాలో మళ్ళీ మళ్ళీ అడిగాను.

"ఇంట్లో కుక్క ఉందా?" అన్నాను.

"ఉంది. కొత్తవాళ్ళను చూస్తే అరుస్తుంది, కరవదు. తలుపు దగ్గర నిలబడి నా పేరు పెట్టి పిలువు. అన్నయ్య వచ్చి తీస్తాడు."